వైపరు తుడవలేని చీకటి: ఏలూరు జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ అధ్యక్షులకు, సభ్యులకు,



రోహిణి ఎండల్లో వాన గురించి లేఖేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఫరవాలేదు. జూలైలో రాస్తే "వానలు తగ్గనివ్వండి, చూద్దాం" అనే జవాబు వస్తుందని మండవల్లిలో టీ కొట్టు బల్ల మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. అందుకే నేల ఇంకా పొడిగా ఉండగానే ఈ లేఖ మీ ముందుకు వస్తోంది.

వాయుగుండం కబురు రాగానే అధికారుల నుంచి వెలువడే వాక్యం ఒకటుంది: వాహనదారులు అప్రమత్తంగా ఉండాలి. ప్రమాదం జరిగిన మర్నాడు పేపర్లో కనిపించే వాక్యం ఇంకొకటి: డ్రైవరు నిర్లక్ష్యం, అతివేగమే కారణం. వానాకాలపు రోడ్డు భద్రత అంతా ఈ రెండు వాక్యాల మధ్య ఇరుక్కుపోయింది. మొదటిది బాధ్యతను డ్రైవరు చేతిలో పెడుతుంది, రెండోది తప్పును అతని మెడకు చుడుతుంది. మరి రోడ్డు ఎక్కడుంది? గీతలు గీయించాల్సినవారు, మలుపు దగ్గర బోర్డు పాతించాల్సినవారు, కల్వర్టు పిట్టగోడ కట్టించాల్సినవారు ఈ రెండు వాక్యాల్లో ఏ మూలన ఉన్నారు? కుండపోత వానలో కళ్ళు ఎంత పెద్దవి చేసుకున్నా, రోడ్డు చూపించిందే మనిషి చూడగలడు. కనిపించకపోవడం డ్రైవరు తప్పేనన్న ఈ ధోరణిని ఒప్పుకోలేకనే ఇంత పొడుగు లేఖ.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి 8.30 నుంచి తెల్లవారి 6 గంటల దాకా ఏలూరుతో సహా ఏడు జిల్లాల రోడ్ల మీద వాహనాలు తిరగకుండా ప్రభుత్వం ఆపేసింది. మంచి నిర్ణయమే. గాలికి చెట్లు కూలతాయి, తీగలు తెగుతాయి; ఆ రాత్రి ఇంటిపట్టున ఉండమనడం ప్రాణాలు కాపాడే మాట. కానీ తుపానుకు ఒక పేరు ఉంటుంది, తీరం దాటే వేళ ఉంటుంది. పేరు లేని వానల సంగతేమిటి? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితేనే అది భారీ వర్షం. అందులో సగం ఒక్క అరగంటలో దంచి కొట్టి, మిగతా రోజంతా తెరిపి ఇచ్చిందనుకోండి, బులెటిన్‌లో అది మోస్తరు వర్షం. ఆ అరగంటలో కైకలూరు నుంచి మండవల్లి వస్తున్న ఆటోవాడికి మాత్రం ముందున్న దారే సరిగా కనిపించదు. మోస్తరు వర్షానికి ఏ ఉత్తర్వూ రాదు.

మండవల్లి ఎక్కడుందో మీకు చెప్పనక్కరలేదు. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా సాగే 165వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగేదాకా ఈ మండలం కృష్ణా జిల్లాది, కలెక్టరు ఆఫీసుకు పని పడితే మచిలీపట్నం. ఇప్పుడు ఏలూరు. అంటే పింఛను అర్జీకైనా, పాసుపుస్తకం గొడవకైనా, పెద్దాసుపత్రికైనా కొల్లేటిని దాటి రావలసిందే. ఏలూరు–కైకలూరు రోడ్డు మండవల్లి జనానికి షికారు దారి కాదు. జిల్లా కేంద్రాన్ని సరస్సు అవతల పెట్టినవారు ఆ సరస్సు మీది దారి రాత్రి వానలో కనిపించేలా చూడాలా, వద్దా?

ఆ దారి సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి చేరతాయి. ఆ నీటిని ఉప్పుటేరు ఒక్కటే సముద్రంలోకి తీసుకుపోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచెత్తి, ఆ నీరంతా ఇటు చేరినప్పుడు ఎడ్లగాడి దగ్గర రోడ్డెక్కి ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. పెనుమాకలంక, నందిగామలంక లాంటి లంక గ్రామాలకు వరదంటే కొత్త కాదు. మామూలు రోజుల్లో కూడా ఈ ప్రాంతపు రోడ్డంటే అటూ ఇటూ నీళ్ళు, మధ్యలో ఎత్తుగా ఒక గట్టు. ఒక పక్క చేపల చెరువు, ఇంకో పక్క డ్రెయిను. మెట్ట ప్రాంతంలో రోడ్డు దిగిన చక్రం చేలో పడుతుంది, నాలుగు తిట్లతో పోతుంది. ఇక్కడ దిగిన చక్రం నీళ్ళలోకి పోతుంది. బోల్తాపడ్డ కారులో తలకిందులుగా చిక్కుకున్నవాడికి నిలువెత్తు లోతు అక్కరలేదు. కాబట్టి ఇక్కడ చూడవలసినది ఎదురుగా వచ్చే బండిని మాత్రమే కాదు, రోడ్డు ఎక్కడ అయిపోతోందో ఆ అంచును.

ఆ అంచే వానలో మాయమవుతుంది. ఎందుకు?

పొడి రోడ్డు గరుకుగా ఉంటుంది. హెడ్‌లైటు వెలుగు ఆ గరుకు మీద పడి నలువైపులా చెదురుతుంది. అందులో కొంత వెనక్కి వచ్చి డ్రైవరు కంటికి చేరుతుంది. రోడ్డు కనిపించడమంటే అంతే. దాని మీద పలచని నీటి పొర పరుచుకుందంటే రోడ్డు అద్దమైపోతుంది. వెలుగు ముందుకు జారిపోతుంది తప్ప వెనక్కి తిరగదు. లైటు వెలుగుతూనే ఉంటుంది, ముందు మాత్రం చిమ్మచీకటి. ఎదురు లారీ లైటు అదే అద్దం మీద పడి కళ్ళలో పొడుస్తుంది. తెల్ల గీతల గతీ ఇదే. ఆ రంగులో వేసే సన్నని గాజుపూసల పని, పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపడం. పూసల మీద నీరు నిలిచిందా, అవి గుడ్డివైపోతాయి. పగలు ఎండలో మిలమిలలాడిన గీత రాత్రి వానలో ఉన్నా లేనట్టే. అద్దం మీది చుక్కల్ని వైపరు తుడుస్తుంది. రోడ్డు మీది అద్దాన్ని ఏ వైపరు తుడవగలదు?

దీనికి జవాబు తొంభై ఏళ్ళ కిందటే దొరికింది. ఇంగ్లండులో హాలిఫాక్స్‌కు చెందిన పెర్సీ షా అనే రోడ్ల కాంట్రాక్టరు 1934లో పిల్లికన్ను లాంటి గాజు కళ్ళను రబ్బరు దిమ్మెలో బిగించి రోడ్డు మధ్యన పాతాడు. చక్రం ఎక్కినప్పుడు దిమ్మె అణిగి, అడుగున చేరిన వాననీటితోనే గాజును తుడిచేసుకునే ఏర్పాటు. వాన పడేకొద్దీ చూపు తేటపడే కళ్ళు! మన దగ్గర క్యాట్ ఐస్ అని పిలిచే ప్లాస్టిక్ స్టడ్లు అంత తెలివైనవి కావుగాని, నీటి పొరకు పైన నిలబడతాయి కాబట్టి గీత మునిగినా అవి మెరుస్తాయి. అంచున నిలిపే రిఫ్లెక్టరు స్తంభాలదీ అదే సూత్రం. వీటి కోసం ఏ విదేశానికీ వెళ్ళనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గీతలకు ఐఆర్‌సీ 35, బోర్డులకు ఐఆర్‌సీ 67, అంచు స్తంభాలకు ఐఆర్‌సీ 79 అని ఎప్పుడో రాసి పెట్టింది. ఆ పుస్తకాలు మీ ఇంజనీర్ల బీరువాల్లోనే ఉంటాయి.

కొల్లేటి వడ్డీ జాలర్లకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. నీళ్ళలో దారి తప్పకుండా ఉండాలంటే గడ పాతాలని పడవ నడిపేవాడికి పుట్టుకతో తెలుసు. నేల మీది దారికి ఆపాటి గడలు పాతడానికి ఎస్టిమేటు, టెండరు, కమిటీ అన్నీ ఉన్నాయి.

ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మూడు చిక్కులున్నాయి. రాష్ట్రమంతటికీ కలిపి తయారుచేసే జాగ్రత్తల జాబితాలో వీటికి చోటుండదు, కాబట్టి మీరే పట్టించుకోవాలి.

మొదటిది చేపల లారీ. కైకలూరు, ఆకివీడు నుంచి పశ్చిమ బెంగాల్‌కూ, అస్సాంకూ చేప పోతుంది, ఐసు లేనిదే చేప పోదు, ఐసన్నాక కరుగుతుంది. కరిగిన నీరు చేప జిగురుతో సహా దారి పొడుగునా కారుతుంది. ఎండలో అది వాసన మాత్రమే. వాన మొదలైన తొలి నిమిషాల్లో ఆ జిగురు, రోడ్డు మీది ఆయిలు, చెరువుల తవ్వకంలో ట్రాక్టర్ల నుంచి జారిన నల్లమట్టి కలిసి పైకి లేస్తాయి. రోడ్డు జారుతుందన్నది అందరూ చెప్పేదే. దానికంటే తక్కువగా మాట్లాడుకునేది ఇంకొకటుంది: ముందు లారీ టైర్లు లేపే తుంపర ఈ జిడ్డునంతా వెనక బండి అద్దం మీద చల్లుతుంది. వైపరు వేస్తే పోదు, ఇంకా పులుముకుంటుంది. ఆ క్షణంలో ఎదురుగా లైటు పడితే అద్దమంతా తెల్లని తెర. లారీ కింద నీరు పట్టే తొట్టి, వెనక చక్రాలకు నేలదాకా మడ్‌ఫ్లాపులు ఉండాలనడం చేపల వ్యాపారానికి మోయలేని భారమా? బరువైన లారీలు లేపే తుంపరను అణచడానికి యూరప్ దేశాలు 1991లోనే ప్రత్యేక ఆదేశం తెచ్చుకున్నాయి. ఇక్కడ కనీసం మత్స్య శాఖను, లారీ యజమానులను ఒక సమావేశానికి పిలవవచ్చు.

రెండోది ధాన్యం. కార్తీకంలో కోతలు, కోతల మీద వాయుగుండాలు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టా రైతు పడిన పాట్లు అందరికీ గుర్తే. ఆరబెట్టుకోవడానికి చోటు లేక రైతు రోడ్డెక్కుతాడు. మబ్బు పట్టగానే రాశి మీద బరకం కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెడతాడు. రాత్రి వానలో నల్ల బరకం, నల్ల రోడ్డు, దాని చుట్టూ రాళ్ళు. బైకు మీద వచ్చేవాడికి అది ధాన్యమని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. రైతు మీద కేసు పెట్టడం ఇందుకు మందు కాదు. కళ్ళాలకు చోటు చూపించడం వ్యవసాయ శాఖ పని. అది అయ్యేదాకా బరకంతో పాటు నాలుగు రిఫ్లెక్టరు కోన్లు ఇప్పించడం మీ పని.

మూడోది గేదె. పొలాలు మునిగితే పశువులకు మిగిలే మెరక రోడ్డొక్కటే. నల్లని రాత్రి నల్లని రోడ్డు మీద నల్లని గేదె నెమరు వేస్తూ నిలబడితే దాన్ని చూడగలిగే కళ్ళు ఎవరికున్నాయి? కొమ్ములకు రేడియం స్టిక్కరు అంటిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది గాని, అది పనికొచ్చే ఆలోచనే.

డ్రైవర్లు పులుకడిగిన ముత్యాలని ఈ లేఖ అనడం లేదు. వానలో హై బీమ్ వేసి వచ్చేవారున్నారు. ఆ వెలుగు చినుకుల మీద చెదిరి వేసినవాడికే ఎదురు తిరుగుతుంది, ఎదుటివాడి కళ్ళూ పోతాయి. డిమ్ చేస్తే ఇద్దరికీ దారి. నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారి ఆడించుకుంటూ నడిపేవారున్నారు. అవి ఆగిపోయిన బండికి పెట్టిన లైట్లు; నడుస్తున్న బండికి వేస్తే వెనకవాడికి అది ఆగిందో, కదులుతోందో, ఎటు తిరుగుతుందో తెలియదు. లోపల అద్దానికి ఆవిరి పట్టినప్పుడు చేతిగుడ్డతో తుడుస్తూ ఒంటిచేత్తో స్టీరింగు తిప్పేవారికి, ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పితే ఆ తేమ నిమిషంలో ఆరిపోతుందని ఎవరూ చెప్పలేదు. వైపరు పాడైతే అద్దానికి పొగాకో, బంగాళాదుంప ముక్కో రుద్దడం పాత లారీ డ్రైవర్ల చిట్కా. వానలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే అద్భుతంగా కనిపిస్తుందన్నది కొత్త వాట్సాప్ చిట్కా. పోలరైజ్డ్ అద్దాలు పగటిపూట తడి రోడ్డు మీది మెరుపును కొంత తగ్గించేమాట నిజమే. సంతలో కొన్న నల్లద్దాలు ఉన్న వెలుగును కూడా మింగేస్తాయి, రాత్రిపూట ఏవైనా ప్రమాదమే. జనం ఇలాంటి చిట్కాల వెంట పడుతున్నారంటే, చెప్పవలసినవారు చెప్పడం లేదనే అర్థం.

ఇది మీలో రవాణా శాఖ సభ్యులకు. మోటారు వాహనాల నిబంధనల్లో 101వది ముందు అద్దం ఉన్న ప్రతి బండికీ సక్రమంగా పనిచేసే వైపరు ఉండాలంటుంది. ఆటో కూడా అందులోకే వస్తుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం వచ్చిన బండి వైపరును ఎలా పరీక్షిస్తారు? పొడి అద్దం మీద అటూ ఇటూ ఆడితే వైపరు పనిచేస్తున్నట్టేనా? ఇక్కడి ఎండకు రబ్బరు బిరుసెక్కి గీతలు విడుస్తుంది. అది తెలియాలంటే అద్దం మీద బకెట్టు నీళ్ళు పోయాలి. బకెట్టుకు బడ్జెట్టు అక్కరలేదు. తెల్లవారకముందే లంక గ్రామాల నుంచి కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళు, తిరుగు ప్రయాణంలో కాలేజీ పిల్లలు ఎక్కేది ఆ ఆటోలే. డ్రైవరు ఒక పక్కకు వంగి, తల బయటికి పెట్టి, ఎడమ చేత్తో గుడ్డ పెట్టి అద్దం తుడుచుకుంటూ నడుపుతుంటే వెనక కూర్చున్నవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకోవడం వాళ్ళ హక్కు. అమ్మవారు వైపరు పని కూడా చేయాలనడం అన్యాయం.

కనిపించకపోవడం ఎంత పని చేస్తుందో రాష్ట్రం మొన్ననే చూసింది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, వాన పడుతున్న వేళ, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక బైకు డివైడరును కొట్టుకుని పడిపోయింది. నడిపినవాడు చనిపోయాడు. బండి రోడ్డు మీదే ఉండిపోయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపరు బస్సు దాని మీదికెక్కి, కొంత దూరం ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. తరవాత చర్చంతా బైకు నడిపినవాడి తాగుడు మీద, బస్సు అనుమతుల మీద, సరుకుగా వేసిన సెల్‌ఫోన్ల మీద నడిచింది. అవన్నీ చర్చించవలసినవే. కానీ రాత్రి వానలో తడి రోడ్డు మీద పడి ఉన్న నల్లని ఇనప ముద్ద ఎంత దూరం నుంచి కనిపిస్తుంది? గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు తింటుంది. చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం పోతుంది; ఆ తరవాత ఆగడానికి తడి రోడ్డు మీద పొడి రోడ్డుకు రెట్టింపు దూరం కావాలి. అది వెడల్పాటి హైవే. గట్టు మీది రెండు వరసల దారిలో తప్పుకుందామన్నా చోటేది?

అందుకే ఫ్రాన్సులో వానకు వేరే వేగ పరిమితి ఉంది. ఎండలో 130 అనుమతించే మోటారు రోడ్డు మీద వానపడితే 110. చూపు 50 మీటర్లు దాటకపోతే ఏ రోడ్డయినా 50కి మించకూడదు. మన దేశంలోనూ యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద పొగమంచు కాలంలో కార్ల పరిమితిని 100 నుంచి 75కు దించుతారు. ఏలూరు జిల్లాలో బోర్డు మీది అంకె ఎండకూ వానకూ ఒకటే. "నెమ్మదిగా వెళ్ళండి" అనడం కంటే "ముందున్న రెండు కరెంటు స్తంభాలు కనిపించకపోతే 40కి మించవద్దు" అని రాసి చూడండి. కొలబద్ద రోడ్డు పక్కనే నిలబడి ఉంది కాబట్టి ఆటోవాడైనా, బులెట్ నడిపే కుర్రాడైనా అర్థం చేసుకుంటాడు. కుర్రాడు పాటిస్తాడా అన్నది వేరే సంగతి.

బ్లాక్ స్పాట్ల గురించి మీరు చెప్పబోయేది ఊహించవచ్చు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో చావులు, తీవ్రగాయాలు జరిగిన ప్రమాదాలు అయిదు గాని, మరణాలు పది గాని నమోదైతే అది బ్లాక్ స్పాట్. ఆ లెక్క కూడళ్ళకు సరిపోతుంది. కొల్లేటి గట్టుకు సరిపోదు. ఇక్కడ ప్రమాదం ఒక చోట కూర్చుని ఉండదు, గట్టు పొడుగునా పరుచుకుని ఉంటుంది. ఈ ఏడు ఇక్కడ ఒక బైకు, వచ్చే ఏడు కిలోమీటరు అవతల ఒక ఆటో. ఏ ముక్కా అంకెకు అందదు. పదోవాడు కూడా అదే 500 మీటర్లలో చనిపోయేదాకా ఆగాలా? పోలీసులు ప్రతి ప్రమాదాన్నీ ఐరాడ్ అనే ప్రమాదాల డేటాబేస్‌లో ఎక్కిస్తున్నారు, అందులో వాతావరణం, రోడ్డు తీరు నమోదు చేసే చోటు ఉంది. ఆ వివరాలను వానపడిన ప్రమాదాలకు విడిగా తీసి, ఏ రోడ్డు మీద ఎన్నో జనం ముందు పెట్టడానికి అభ్యంతరమేమిటి?

మీ అధికారం చిన్నదేమీ కాదు. రోడ్డు భద్రత కేసులో సుప్రీంకోర్టు 2017 నవంబర్ 30న ఇచ్చిన తీర్పు ప్రతి జిల్లాలోనూ ఇలాంటి కమిటీ ఉండాలని ఆదేశించింది. కలెక్టరు, ఎస్పీ, రోడ్లు భవనాల శాఖ, రవాణా శాఖ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు జిల్లాలో ఇంకెక్కడుంది? మండవల్లి మనిషి ఒక్కో ఆఫీసుకూ వెళితే గీతలు ఫలానా విభాగానివని, పశువులు పంచాయతీవని, లారీలు ఇంకెవరివో అని తిప్పుతారు. మీ ముందు మాత్రం ఆ మాట చెల్లదు, అందరూ అక్కడే ఉంటారు కాబట్టి.

పిట్టగోడల గురించి ఒక్కమాట. 2021 డిసెంబర్ 15న జంగారెడ్డిగూడెం దగ్గర ఆర్టీసీ బస్సు వంతెన గోడను ఢీకొని జల్లేరు వాగులో పడింది. అది పట్టపగలు. పగలే ఆపలేని గోడ రాత్రి వానలో కనిపించకుండా కూడా ఉంటే?

చట్టం మాటా చెప్పుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198ఎ అనే సెక్షను వచ్చింది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, అవయవాలు పోతే, బాధ్యులైన అధికార సంస్థకూ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రాణానికి లక్ష గరిష్ఠమా అని నొచ్చుకోవడం వేరు. ఆ సెక్షనులో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి దాగి ఉంది. తీర్పు చెప్పేముందు న్యాయస్థానం చూడవలసిన వాటిలో ఇదొకటి: ఆ రోడ్డు పరిస్థితి ప్రమాదకరమని నిర్వహించేవారికి ముందే తెలుసా, తెలిసి ఉండాలా? అంచు గీత, అంచు స్తంభం, క్యాట్ ఐస్ లేని గట్టు రోడ్డు రాత్రి వానలో ఎలా ఉంటుందో ఇప్పటిదాకా తెలియదని ఎవరైనా అనగలరేమో. ఈ లేఖ అందాక అనలేరు.

అడుగుతున్నది నాలుగు వరసల రోడ్డు కాదు. దానికి డబ్బు, భూమి, అభయారణ్యం అనుమతులు, ఏళ్ళు కావాలి. కొల్లేటి గుండా రోడ్డు వెడల్పు చేయడం మంచిదా అన్నది మరో పెద్ద తగవు. అడుగుతున్నది అంచు. గట్టు రోడ్డు పొడుగునా రెండు అంచులకూ తెల్లగీత, మలుపుల్లో స్తంభాలు, కల్వర్టుల దగ్గర స్టడ్లు. గడ్డి, మట్టి పేరుకుని రోడ్డు పక్క మట్టి అంచు (బెర్ము) రోడ్డు కంటే ఎత్తయిన చోట దాన్ని చెక్కించడం. మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు పెట్టి రోడ్డు వేసినా, అంచున కట్ట లేస్తే నీరు ఎటు పోతుంది? ఇవేవీ చేతకాకపోతే పాతకాలపు పనైనా చేయించండి. రోడ్డు గ్యాంగు కూలీలు ఏటా చెట్ల మొదళ్ళకు, కల్వర్టు గోడలకు సున్నం, జాజు పట్టెలు వేసిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తున్నాయి. ఎడ్లబండి లాంతరు వెలుగులో కూడా ఆ తెల్లపట్టె దారి చెప్పేది.

లేఖ ఎండాకాలంలో ఎందుకు రాయవలసి వచ్చిందో కూడా చెప్పాలి. గీతలకు వాడే థర్మోప్లాస్టిక్‌ను కాచి పోస్తారు. రోడ్డు తడిగా ఉంటే అది పట్టదు, పట్టినా పెచ్చులూడిపోతుంది. స్టడ్లను అతికించే బంకకూ పొడి రోడ్డే కావాలి. అంటే ఏరువాక వానలు మొదలయ్యాక మంజూరైన ఎస్టిమేటు మళ్ళీ తెరిపి ఇచ్చేదాకా ఫైల్లో ఉండవలసిందే. అప్పటికి అక్టోబరు, ఆపైన వాయుగుండాల కాలం. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. మీ తదుపరి సమావేశం అంతకు ముందా, తరవాతా?

ఇట్లు,
ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాత్రిపూట ఇల్లు చేరవలసిన ప్రయాణికుల తరఫున,
మండవల్లి నుంచి